మల్లిక చెప్పలేని పన్నెండు మాటలు

చావుకు వచ్చిన చుట్టాలు ఇంకా ఇల్లు కదలకముందే రాంచందర్ చనిపోయిన తమ్ముడి భార్య మల్లికను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, ఆ పన్నెండు మాటలు ఏవో చెప్పమన్నాడు. తనకు తెలియదంది మల్లిక. అతను నెమ్మదిగానే మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అదే చెప్పింది. ఆ తర్వాత అతని గొంతు మారింది.

మల్లికది నకిరేకల్. ఇంటర్ చదివింది. చిట్యాలలో ఇంటింటికీ ఇంటర్నెట్ తీగలు లాగే ప్రేమ్‌సాగర్‌తో పెళ్లయింది. అత్త జానమ్మ, బావ రాంచందర్ కుటుంబం, వీళ్లు ఒకే కప్పు కింద ఉండేవారు. మామ బతికున్నప్పుడు కూలి డబ్బులు కూడబెట్టి హైవే పక్కన కొంత జాగా కొన్నాడు. తెలంగాణ వచ్చాక దానికి ధర వచ్చింది. అన్నదమ్ములు అమ్మేశారు. రాంచందర్ తన వాటాతో డీసీఎం వ్యాను కొన్నాడు. ప్రేమ్‌సాగర్ తన వాటా, దాంతోపాటు తల్లి వాటా కూడా తీసుకుపోయి క్రిప్టోలో, అంటే ఫోన్‌లోనే కొని అమ్మే కాయిన్లలో, పెట్టాడు.

మల్లికకు వేరే చోట రెండు గదుల ఇల్లు కట్టుకోవాలని ఉండేది. ఇదేం పని అని అడిగితే అతను ఉత్సాహంగా చెప్పాడు.

"గీ పైసలకు బ్యాంకు లేదు, మేనేజర్ లేడు. ఎవ్వడు ఆపలేడు. తాళంచెయ్యి మన దగ్గర్నే ఉంటది."

దాంతో కిరాణా దుకాణంలో ఉప్పు ప్యాకెట్ ఇస్తారా అని అడిగింది మల్లిక. అతను నవ్వి ఊరుకున్నాడు.

కరోనా తగ్గి బడులు తెరిచిన ఏడు, కూతురు అక్షిత ఫీజు కట్టాల్సి వచ్చింది. ప్రేమ్‌సాగర్ కొన్ని కాయిన్లు అమ్మాడు. కొన్నవాడెవరో తెలియదు. ఫోన్‌లో ఒక గ్రూపులో పరిచయమయ్యాడు. రూపాయలు ఖాతాలో పడ్డాయి, ఫీజు కట్టారు. కొన్నాళ్లకు ఖాతా ఆగిపోయింది. ఆ వచ్చిన డబ్బు వేరే రాష్ట్రంలో ఎవరినో మోసం చేసి తీసిందట. అక్కడ పోలీసు కేసు అయిందట. జీతం, పాలవాడికి ఇవ్వాల్సినవి, అన్నీ అందులోనే ఇరుక్కున్నాయి. భర్త పనిలో ఉంటే మల్లికే అక్షితను చంకన వేసుకుని బ్యాంకుకు వెళ్లింది. కౌంటరు వెనకున్న మనిషి నలుగురూ వినేటట్టు, ఆ డబ్బు పంపినవాడు మీకేమవుతాడమ్మా అని అడిగాడు. వరుసలో ఉన్నవాళ్లంతా ఆమె వైపు తిరిగి చూశారు. ఆ చూపు ఆమె చాలాకాలం మరచిపోలేదు.

అప్పటినుంచి ప్రేమ్‌సాగర్ ఎవరినీ నమ్మలేదు. కాయిన్లు ఉంచిన కంపెనీనీ నమ్మలేదు. అన్నింటినీ తీసి ఫోన్‌లోని సొంత వాలెట్‌లో వేసుకున్నాడు. దానికి పన్నెండు ఇంగ్లిషు మాటలు ఉంటాయని, వరుస తప్పకుండా చెబితేనే తెరుచుకుంటుందని, ఫోను పోయినా ఆ మాటలుంటే చాలని మల్లికకు చెప్పాడు. అవేవో తనకూ చెప్పమని అడిగింది. "నువ్వు ఎవలకన్న చెప్తవ్" అన్నాడు, నవ్వుతూనే. ఆమెకు కోపం వచ్చింది. మళ్లీ అడగలేదు.

అన్నకు మాత్రం ఒకటి చూపించాడు. ఆ వాలెట్ చిరునామా. అది ఉంటే లోపల ఎంత ఉందో ఎవరైనా ఎక్కడినుంచైనా చూడొచ్చు, కానీ ముట్టుకోలేరు. తన తెలివిని అన్న మెచ్చుకోవాలని చూపించాడు.

ఒక వానాకాలం సాయంత్రం పని ముగించుకుని బండి మీద వస్తుంటే హైవే మలుపులో లారీ గుద్దింది. ఫోను టైరు కింద నుజ్జయింది. ప్రేమ్‌సాగర్ నల్గొండ దవాఖానలో కళ్లు తెరవకుండానే పోయాడు.

రాంచందర్ రోజూ పొద్దున లేవగానే ఆ చిరునామా తెరిచి చూసేవాడు. తమ్ముడి సొమ్ము అద్దాల పెట్టెలో పెట్టినట్టు కనిపిస్తూనే ఉండేది. అతని బాధ అర్థం కానిదేమీ కాదు. అందులో తల్లి వాటా కూడా ఉంది. అయితే మొగుడు పెళ్లానికి చెప్పకుండా ఉంటాడన్న మాట మాత్రం అతని బుర్రకు ఎక్కలేదు. జానమ్మకూ ఎక్కలేదు. కాగితం మీద రాసి దాచిందేమోనని, కోడలు నీళ్లకు పోయినప్పుడు ఆమె ట్రంకుపెట్టె వెతికింది, దిండ్లు విప్పి దూది పీకింది. మల్లిక వచ్చేసరికి గదినిండా దూది. ఎవరూ ఎత్తలేదు. తనే ఎత్తుకుంది.

విషయం ఆ కుటుంబం వెళ్లే చర్చి పెద్దల దాకా వెళ్లింది. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమెను ఆపి కూర్చోబెట్టారు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి తెలియదని చెప్పమన్నాడు రాంచందర్. పాస్టరయ్య, పసిపిల్ల మీద ఒట్లు వద్దని వారించాడు. పెద్దలు వినలేదు. అక్షితను ముందుకు తెచ్చి నిలబెట్టారు. పిల్ల ఏమీ అర్థం కాక తల్లి ముఖంలోకి చూసింది.

మల్లిక చెయ్యి ఎత్తలేదు.

"నాకు తెల్వదు. నా మాట మీద నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు. నా బిడ్డ మీద మాత్రం ఒట్టు పెట్టను."

"ఇగ ఇంతకంటె రుజువేం గావాలె" అన్నాడు రాంచందర్.

ఆ మాటతో చర్చిలో ఉన్నవాళ్లందరికీ అది నిజమైపోయింది. ఆమె పక్కన కూర్చునే ఆడవాళ్లు తర్వాతి ఆదివారం వేరే చాప మీద కూర్చున్నారు.

అదే సమయంలో రాంచందర్‌కు ఇంటర్నెట్‌లో ఒక మనిషి దొరికాడు. తెరుచుకోని వాలెట్లు తెరిపిస్తాడట. హిందీలో తియ్యగా మాట్లాడాడు. ముందు ఫీజు అడిగాడు. కట్టిన తర్వాత, సగం మాటలు దొరికాయి, మిగిలినవాటికి పెద్ద కంప్యూటరు కావాలని ఇంకా అడిగాడు. మల్లికకు బ్యాంకులో జరిగింది గుర్తుంది. అది మోసమని బావకు చెప్పింది.

"నీకు భయమైతాంది. గది తెరుచుకుంటదని భయం" అన్నాడతను.

డీసీఎం అమ్మి కట్టాడు. ఆ తర్వాత ఆ నంబరు పనిచేయలేదు. పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకున్నారు గానీ, ఎవరికి కట్టావో నీకే తెలియకపోతే మేమెవరిని పట్టుకోవాలయ్యా అని అడిగారు. ఇంటికి వచ్చి, నువ్వు మొదట్లోనే చెబితే నా బండి పోయేదా అని మల్లిక మీద కేకలేశాడు. మరునాడు ఆమె గది తలుపుకు తాళం పడింది. సామాను వాకిట్లో ఉంది.

ఆమె అక్షితను తీసుకుని నకిరేకల్‌లో తల్లి నాగులమ్మ దగ్గరికి చేరింది. నిమ్మకాయల మార్కెట్‌లో కాయలు ఏరే పని దొరికింది. పెద్దవి, చిన్నవి, మచ్చ పడ్డవి వేరు చేసి బస్తాలకు పోయాలి. రసం తగిలి వేళ్ల సందులు మండేవి. కథ ఆమెకంటే ముందే అక్కడికి చేరింది. పక్కన కూర్చుని ఏరే ఆడవాళ్లు, కోట్లు పెట్టుకుని నీకెందుకమ్మ ఈ కూలి అనేవాళ్లు. మొదట్లో ఎగతాళి అనుకుంది. తర్వాత తెలిసింది, వాళ్లు నిజంగానే నమ్ముతున్నారని. ఒకామె కూతురి పెళ్లికి చేబదులు అడిగింది. లేవంటే మాట్లాడటం మానేసింది.

క్రిప్టో ధర పెరిగిందని టీవీలో వచ్చిన రోజుల్లో మల్లికకు భయం వేసేది. ఆ రోజుల్లో చిట్యాల నుంచి ఫోన్లు ఎక్కువ వచ్చేవి. కొత్త చీర కట్టుకోవడానికి కూడా జంకేది. పిల్లను బడికి దింపడానికి పాత స్కూటీ ఒకటి కిస్తుల మీద తీసుకుంది. ఎవరు చెప్పారో, ఆ వారంలోనే రాంచందర్ ఇద్దరిని వెంటబెట్టుకుని నిమ్మకాయల మార్కెట్‌కు వచ్చాడు. స్కూటీ తాళం గుంజుకున్నాడు. కాయలు ఏరేవాళ్లు, హమాలీలు చుట్టూ మూగారు.

మల్లిక లేచి నిలబడి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"బావా, నీ ఫోను తీయి. గా చిరునామా తెరువు. అందరికి చూపియ్యి."

అతను తెరిచాడు. సొమ్ము మొత్తం అందులోనే ఉంది. ప్రేమ్‌సాగర్ పోయిన నాటినుంచి ఒక్క పైసా కదల్లేదు.

"మరి గీ స్కూటీ యాడికెల్లి వచ్చింది? నువ్వే చెప్పు."

రాంచందర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడెందుకు తీస్తవ్. మేము సచ్చినంక తీస్తవ్" అన్నాడు.

అప్పుడు అర్థమైంది మల్లికకు. సొమ్ము కదిలితే తను దొంగ. కదలకపోతే ఓపికున్న దొంగ. ఈ మనిషికి తను ఏమి చూపించినా చాలదు. ఇన్నాళ్లూ నమ్మించాలని పడిన తాపత్రయం ఆ పూటతో వదిలేసింది. స్కూటీ అక్కడే ఉండగా నడిచి పోలీసు స్టేషన్‌కు వెళ్లింది. నలుగురి ముందు తాళం గుంజుకున్నాడని ఫిర్యాదు ఇచ్చింది. ఎస్సై రాంచందర్‌ను పిలిపించి తాళం ఇప్పించాడు. ఆ ఊపులోనే వకీలును పట్టుకుని, చిట్యాల ఇంట్లో తన భర్త వాటా కోసం నల్గొండ కోర్టులో కేసు వేసింది. ఒంటరి ఆడదానికి ఇంత ధైర్యం ఎక్కడిది, వెనక డబ్బుండబట్టే కదా అన్నారు చిట్యాలలో.

కేసు నడుస్తుండగా ఒక మధ్యాహ్నం జానమ్మ ఒక్కతే బస్సు దిగి వచ్చింది. బాగా చిక్కిపోయింది. నాగులమ్మ పీట వేసినా గడప మీదే కూర్చుంది. నీళ్లిస్తే తాగలేదు.

"పెద్దోనికి చెప్పకు. వానికి తెల్వకుంట వచ్చిన. నాకన్న చెప్పు మల్లికా. నా పైసలు గూడ అండ్లనే ఉన్నయి. నాకు మందులకు సుత లేవు."

మల్లిక అత్తకు ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నేను అడిగిన అత్తమ్మా. చెప్పమని అడిగిన. నువ్వు ఎవలకన్న చెప్తవ్ అన్నడు."

జానమ్మకు కొడుకు గొంతు ఆ మాటలో వినబడిందేమో, ముఖం ముడుచుకుపోయింది.

"గట్లయితే వాడు నిన్ను సుత నమ్మలే."

"నమ్మలే."

ముసలామె లేచింది. తప్పయిందని అనలేదు. అన్నం తిని పొమ్మంటే ఆగలేదు. మల్లిక బస్సెక్కించడానికి వెంట వెళ్లబోతే వద్దని చెయ్యి ఊపి, ఒక్కతే రోడ్డు మీదికి నడిచింది.

ఆ రోజంతా మల్లిక చేతికి పని సాగలేదు. భర్త పోయినప్పటి నుంచి ఆమె కోపమంతా బావ మీదే, అత్త మీదే. అతని కోసం మాత్రం ఏడుపే. ఇప్పుడు మొదటిసారి అతని మీద కోపం వచ్చింది. బ్యాంకును నమ్మలేదు సరే, కంపెనీని నమ్మలేదు సరే. పక్కన పడుకున్న మనిషిని నమ్మకుండా, ఆమెను ఊరందరి అనుమానానికి అప్పజెప్పి పోయాడు. ఆ కోపం దుఃఖంకంటే గట్టిగా ఉంది, తర్వాత కూడా తగ్గలేదు.

జానమ్మ ఇంటికి పోయి, దానికి నిజంగానే తెలియదురా అని పెద్దకొడుకుతో అన్నదట. అమ్మను కూడా మంచి చేసుకుంది, వాటా ఇస్తానని చెప్పి ఉంటుంది అన్నాడట రాంచందర్. కోర్టులో రాజీ కుదిరి మల్లికకు ఇంట్లో ఒక గది వచ్చింది. దాన్ని ఒక లారీ డ్రైవరు కుటుంబానికి కిరాయికి ఇచ్చింది. ఆ కిరాయిలో కొంత, కిరాయిదారు చేతనే, అత్త మందులకు ఇప్పిస్తోంది. ఆ డబ్బు ఎక్కడిదని రాంచందర్ ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు.

పోయినవాళ్ల సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టే సమాధుల పండుగకు ఆ ఏడు మల్లిక చిట్యాల వెళ్లలేదు. నాయిన దగ్గరికి పోదామని అక్షిత అడిగితే, అమ్మమ్మతో పొమ్మని నాగులమ్మకు బస్సు పైసలిచ్చి, తను నిమ్మకాయల మార్కెట్‌కు పోయింది.