పాటకు ముందు చెప్పే పేరు

నిన్న సాయంత్రం దేవుడి దగ్గర దీపం వెలిగించబోతుంటే వీధిలోకి పెళ్లి ఊరేగింపు వచ్చింది. డప్పుల మోతలోంచి ఒక ఆడగొంతు లేచింది. కాస్త బొంగురు, చివర్లో సన్నని వణుకు. అగ్గిపుల్ల వేలిదాకా కాలినా తెలియలేదు నాకు. అది మా నర్సవ్వ గొంతు. ఆమె పోయి చాలా ఏళ్లయింది.

తొంభైలలో సూరత్‌లో, పర్వత్ పాటియా దగ్గర తెలంగాణ నుంచి వలస వచ్చిన మగ్గాల పనివాళ్ల గల్లీలో మా పక్క గది ఆమెది. నేను బడికి పోలేదు. అక్షరాలు నాన్న ఇంట్లోనే దిద్దించాడు. పాట మాత్రం నర్సవ్వ పెట్టిన భిక్ష. బతుకమ్మ చుట్టూ ఆమె ముందు పాడితే మేం అందుకునేవాళ్లం. ఏ పాటైనా ఎత్తుకునే ముందు అది ఎవరిచ్చారో చెప్పేది. ఒకసారి నేను తొందరపడి నేరుగా పాట మొదలుపెడితే ఆపేసింది.

"ఏందే, కాళ్లు గడుక్కోకుండ గుడిలకు ఉరుకుతున్నవ్? ఇచ్చినామె పేరు జెప్పు ముందు."

ఒక పాటకు మాత్రం "ఇది నా బిడ్డ పద్మ కట్టిన పాట" అనేది. మగ్గానికి నూలు కండెలు చుడుతూ కట్టిందట పద్మ. పెళ్లీడు రాకముందే జ్వరంతో పోయింది. ఆ పిల్లదని చెప్పుకోవడానికి నర్సవ్వకు మిగిలింది ఆ పాటే.

గల్లీ చివర క్యాసెట్ల దుకాణం శ్రీను ఒక ఏడు ఆ పాటను రికార్డు చేసుకున్నాడు. మరుసటి నవరాత్రులకు దానికి డప్పులు కలిపి రీమిక్స్ తెచ్చాడు. పాటకు ముందు నర్సవ్వ పద్మ పేరు చెప్పిన చోట డప్పు ఒక్కటే మోగింది. నర్సవ్వ నన్ను తోడు తీసుకుని దుకాణానికి వెళ్లింది.

"రికార్డింగ్ నాది అవ్వా. జానపదానికి మాలిక్ ఎవరుంటరు? కానూన్ గట్లనే ఉంది. అందరి పాట," అన్నాడు శ్రీను.

"అందరిదైతే నా బిడ్డది గాదా? డప్పు గొట్టుకో, ఎగురు, నేనొద్దంటనా? దాని పేరెందుకు గోసినవ్ రా?"

శ్రీను తల దించుకున్నాడు. "ఊకె ముచ్చట అనుకున్న అవ్వా. పాట గాదనుకున్న. మళ్ల జెప్పు, అతికిస్త."

"జనం కొనుక్కపోయిన క్యాసెట్లల్ల ఎట్ల అతికిస్తవ్?"

తిరిగొస్తూ దారంతా ఆమె నా చెయ్యి వదల్లేదు.

సద్దుల బతుకమ్మ నాడు మేం ఆడుతుంటే పక్క గర్బా పందిరిలో అదే క్యాసెట్టు వేశారు. మా చప్పట్లు ఆగిపోయాయి. డప్పు మొదలైంది. గొంతు రాకముందే నర్సవ్వ చెయ్యెత్తి అంది: "ఇది నా బిడ్డ పద్మ కట్టిన పాట." వాళ్లు మళ్లీ వేశారు. ఈసారి వలయంలోని ఆడవాళ్లందరం 'ఇది పద్మ కట్టిన పాట' అన్నాం. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని ఆటలోకి అడుగేసింది.

నిన్న ఊరేగింపు మలుపు తిరిగేలోపు ఆ రీమిక్స్ పాట మళ్లీ మొదటికి వచ్చింది. డప్పు ఒక్కటే మోగే ఆ చోట, దీపం వెలిగించి చేతులు జోడించాను.

"ఇది పద్మ కట్టిన పాట. నాకు నర్సవ్వ ఇచ్చింది."

తర్వాత ఆమె గొంతు వచ్చింది.