జానెడు ఎత్తున చెంబు

మీరు సంతకం పెట్టిన చివరి కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివారా? తొందరపడి అవునని చెప్పకండి. నేనూ అలాగే చెప్పేవాణ్ణి.

అది 1959. అనంతపురంలో ఒక కళాశాల ఆఫీసుకు నేను సూపరింటెండెంటుని. తర్వాత విశ్వవిద్యాలయంలో పెద్ద కుర్చీలే ఎక్కాను గానీ, పరిపాలన అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ చిన్న గదిలోనే. అప్పటికి రెండేళ్లుగా వానలు లేవు. హాస్టల్‌కు నీళ్లు ఎద్దుల బండి మీద పీపాల్లో వచ్చేవి. వాటిని వంటశాల ముందున్న సిమెంటు తొట్టిలో నింపేవారు. ఆదివారాలు నేను పఠనాలయంలో ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. దేవుడు లేడనీ, కులం మనిషి అల్లిన అబద్ధమనీ బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ఎదురు వాదించినవాణ్ణి ఊపిరి పీల్చుకోనిచ్చేవాణ్ణి కాదు.

ఆ ఫిబ్రవరిలో మా గోడపత్రికలో, అంటే విద్యార్థులు చేత్తో రాసి వరండాలో అంటించే పత్రికలో, 'ఈ వారం హాస్యం' అనే శీర్షిక కింద ఒక ప్రకటన కనబడింది. నాకిప్పటికీ కంఠతా వచ్చు.

"రెండవ మెస్ విద్యార్థులు తొట్టిని గాని, తొట్టి వద్దనున్న చెంబును గాని తాకరాదు. దాహము వేసినచో దోసిలి పట్టి నిలువవలెను. వంటమనిషి పోయును. పోయునపుడు చెంబు వారి చేతులకు జానెడు ఎత్తున ఉండవలెను. వంటమనిషి లేని వేళల యందు నీరు అడుగరాదు."

వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. "జానెడని కొలత కూడా పెట్టాడు చూడండి, వ్యంగ్యమంటే ఇదీ" అని పక్కనున్న లెక్చరర్‌తో అన్నాను. గుంపు చివర నలుగురైదుగురు మాత్రం నవ్వలేదు. పాపం వాళ్లకు హాస్యం అర్థం కాలేదనుకున్నాను.

ప్రిన్సిపాల్ గారు మండిపడ్డారు. కళాశాల మీద లేనిపోని నింద వేశారన్నారు. రాసింది సుంకన్న, బి.ఎస్సీ. చివరి సంవత్సరం, లెక్కల విద్యార్థి. అతనికి మెమో, అంటే సంజాయిషీ అడిగే కాగితం, నాచేతే రాయించారు. 'కల్పిత రాతలతో సంస్థకు అపకీర్తి' అని మాటలు వెతికి పెట్టింది నేనే. క్షమాపణ రాసివ్వకపోతే కాండక్ట్ సర్టిఫికెట్ ఇవ్వకూడదని ఆర్డరు. నడవడిక మంచిదని కళాశాల ఇచ్చే ఆ చిన్న చీటీ లేనిదే పైచదువుకు సీటు రాదు. సుంకన్న క్షమాపణ రాయలేదు. 'కల్పితం కాదు' అని రెండే మాటలు రాసిచ్చాడు. పొగరనుకున్నాం.

జూన్‌లో ఫలితాలొచ్చాయి. లెక్కల్లో మా కళాశాల మొత్తానికి పైన నిలిచినవాడు సుంకన్న. వాళ్ల నాయన కళ్యాణదుర్గం దగ్గర శెనక్కాయ చేలల్లో కూలి. ఆ ఇంట్లో బడికి పోయిన మొదటివాడు ఇతనే. ఎమ్మెస్సీ దరఖాస్తుకు ఇక మూడు రోజులే గడువుందనగా వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"సర్టిఫికెట్ కోసం వచ్చినా సార్."

"క్షమాపణ తెచ్చావా?"

"లేదు సార్."

"ఏమప్పా, నాలుగు ముక్కలు రాస్తే నీ సొమ్మేం పోతుంది? ఇంత చదివి మళ్లీ శెనక్కాయలు పెరుకుతావా?"

"చేయని తప్పుకు ఎట్ల రాసేది సార్?"

అప్పుడే మా గుమాస్తా నారాయణప్ప కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. ప్రతి జూన్‌లోనూ హాస్టల్ సర్క్యులర్లు, అంటే అందరూ పాటించాల్సిన ఉత్తర్వులు, పాతవాటినే చూసి ఎత్తి రాయడం మా ఆఫీసు పద్ధతి. వంటవాళ్లు కూడా చదవాలని అవి తెలుగులో ఉండేవి.

"పోయినేటి మాదిరే సార్. తేదీ ఒకటి మార్చినా" అన్నాడు నారాయణప్ప.

సుంకన్నకు బుద్ధులు చెబుతూనే మూడు సంతకాలు పెట్టాను. నాలుగోదాని మీద కలం ఆనించాను.

"అది సదివి పెట్టండి సార్" అన్నాడు సుంకన్న.

చదివాను. 'రెండవ మెస్ విద్యార్థులు తొట్టిని గాని...' ఒక్క అక్షరం తేడా లేదు. జానెడు కూడా ఉంది.

పాత ఫైలు తెప్పించి వెనక్కి తిప్పాను. పోయినేడు నా సంతకం. అంతకు ముందేడూ నా సంతకమే. ఏడు జూన్‌లు, ఏడు సంతకాలు. వాటి వెనక నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లవి. అంటరానితనం నేరమని చట్టం వచ్చాక నేను పెట్టినవే నాలుగు. హాస్టల్లో రెండు మెస్సులున్నాయని నాకు తెలుసు. ఒకటి శాకాహారం, ఇంకొకటి మాంసాహారం కాబోలనుకున్నాను. రెండోది హరిజన విద్యార్థులకని ఎవరినీ అడిగి తెలుసుకోలేదు. ఆ కాగితం రెండో మెస్ గోడకే అంటించేవారు. ఆ గోడ దగ్గరికి నేనెన్నడూ పోలేదు.

"ఇది నిజంగా జరుగుతోందా?" అన్నాను. ఎంత సిగ్గుమాలిన ప్రశ్నో నోరు దాటాక తెలిసింది.

"మూడేండ్లు అట్లే తాగినా సార్. మొన్న ఎండల్లో వంటాయన రెండు దినాలు ఊరికి పోయినాడు. తొట్టి నిండా నీళ్లుండాయి. మేము బండికి ఎదురుపోయి పీపా కింద కారేటివి పట్టుకున్నాం."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు సంతకం పెట్టిందే కదా సార్, మీకేం చెప్పేది? మీ ఆదివారం ఉపన్యాసం నేను ఒక్కటీ విడవలేదు. ఆయనా ఈయనా ఒకరేనా అని శానా దినాలు అనుమానపడినా. అందుకే గోడ మింద పెట్టినా. కింద మీ సంతకం మటుకు ఎత్తి రాయలేదు, మీరే గుర్తుపడ్తారని. మీరు నవ్వినారు."

ఫైలు పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. "కల్పితం కాదండీ. మెమో ఇవ్వాల్సింది నాకు" అన్నాను. ఆయన చదివి ఫైలు మూశారు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"ఇది ఎవరికైనా తెలుసా?"

"రెండో మెస్‌లో అందరికీ తెలుసండీ."

"వాళ్ల సంగతి కాదయ్యా. ఎవరికైనా తెలుసా?"

ఆయన చెడ్డవాడు కాడు. నేనూ కాను. అందుకే ఆ మాట నన్ను భయపెట్టింది.

చివరికి క్షమాపణ అక్కర్లేదన్నారు. సర్క్యులర్ రద్దన్నారు. కానీ గోడకెక్కించడం తప్పే గనుక సర్టిఫికెట్‌లో నడవడిక 'తృప్తికరం' అని రాయమన్నారు. మా ఆఫీసు భాషలో దానికి అర్థం, ఇతనితో జాగ్రత్త అని. నేను 'చాలా మంచిది' అని రాసి మిగతా కాగితాల మధ్య పెట్టి పంపాను. సంతకం పడి తిరిగొచ్చింది. ఆయనా చదవలేదు.

సుంకన్నకు సీటు దొరికింది. తర్వాత కాలంలో మరో ఊరి కాలేజీలో లెక్కలు చెప్పాడు. సర్క్యులర్ రద్దయిన సాయంత్రమే నేను రెండో మెస్‌కు పోయి గోడ మీది పాత కాగితం చించాను. వంటమనిషి గరిటె పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. "మీరు పెట్టిందే కదా సామీ, మల్ల మీరే చించుతాండారే" అన్నాడు. బల్ల గుద్ది వాదించే నేను ఆ ముక్కలు జేబులో కుక్కుకుని బయటికి నడిచాను.

వ్యంగ్యమంటే ఉన్నదాన్ని పెంచి చూపడమని అంతవరకూ అనుకున్నాను. సుంకన్న ఏమీ పెంచలేదు. మేము రాసింది మా ముందు పెట్టాడు, అంతే. ఏడేళ్లు నేను సభల్లో కూల్చానన్న గోడకు ప్రతి జూన్‌లోనూ నేనే సున్నం కొట్టించాను.

మీరు గుమాస్తా కావచ్చు, హెడ్మాస్టరు కావచ్చు, పంచాయతీ ప్రెసిడెంటు కావచ్చు. రేపు ఆఫీసు తెరవగానే 'పోయినేటి మాదిరే' అంటూ వచ్చే మొదటి కాగితాన్ని ఆపండి. దాన్ని ఎవరి గోడకు అంటిస్తారో అడగండి. లేచి ఆ గోడ దాకా నడవండి. అక్కడున్న మనుషుల ముందు నిలబడి దాన్ని పైకి చదవండి. వాళ్ల ముఖాలు చూశాకే కలం మూత తీయండి.