తడిసిన వడ్లకు తడిబట్టల ప్రమాణం

మీరు ఓటేసిన నాయకుడు గుడి ముందు బిందెడు నీళ్లు నెత్తిన గుమ్మరించుకుని, తడిబట్టలతో నిలబడి "నేను ఏ తప్పూ చేయలేదు" అంటే, మీ మనసులో ఏదో ఒక మూల నమ్మకం కలుగుతుందా, కలగదా? నాకు చెప్పనక్కర్లేదు, మీకు మీరే చెప్పుకోండి. నేనైతే ముప్పై ఏళ్లుగా కలగదనే చెబుతూ వచ్చాను. ఈ యాసంగి కోతల తర్వాత మాత్రం ఏం చెప్పాలో తెలియక తికమకపడుతున్నాను.

మన రాజకీయాల్లో ఇదొక వింత. ఒకరి మీద ఆరోపణ వస్తే ఎదుటి పక్షంవాడు కాగితాలు అడగడు, విచారణ అడగడు. "దమ్ముంటే గుడికి రా, తడిబట్టలతో ప్రమాణం చెయ్" అంటాడు. ఇవతలివాడు "నేను రెడీ, నువ్వు రెడీనా?" అంటాడు. పోలీసులు అడ్డుపడి ఇద్దరినీ ఇళ్లలో కూర్చోబెడితే ఇద్దరూ గెలిచినట్టే. ఎన్నికైన మనిషి జవాబు చెప్పాల్సింది ఓటేసినవాళ్లకు. దేవుడి పేరు ఓటర్ల జాబితాలో లేదు. ఈ మాట సూర్యాపేటలో, కోదాడలో ఎన్ని సభల్లో అన్నానో! అన్నప్పుడల్లా చప్పట్లు పడేవి. చప్పట్లకు అలవాటుపడ్డ మనిషిని నేను.

మొన్నటి వ్యవహారం ఇది. వేములపల్లి పక్కన ఒక ఊళ్లో వడ్లు కొనే సెంటర్ ఉంది. మహిళా సంఘం వాళ్లు నడుపుతారు. రైతులు కోసిన వడ్లను అక్కడ రాశులు పోసి, తేమ తగ్గేదాకా ఆరబెట్టి, కాంటా కోసం, లారీ కోసం రోజుల తరబడి కాపలా ఉంటారు. వానొస్తే కప్పడానికి సెంటర్‌కు టార్పాలిన్ పరదాలు ఇస్తారు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన దంచికొట్టింది. చూస్తే పరదాలు లేవు. కొన్ని వడ్లు కాల్వలోకి కొట్టుకుపోయాయి. మిగిలినవి నాలుగు రోజుల్లో మొలకెత్తాయి. వాన పడిన మర్నాడే ఒక ఫొటో ఫోన్లలో తిరగడం మొదలైంది. మిర్యాలగూడలో ఒక నాయకుడి సభ, పందిరి నిండా నీలం పరదాలు. రైతుల పరదాలు ఎత్తుకుపోయి సభకు నీడ చేసుకున్నారని దాని కింద రాశారు.

రెండు రోజులు టీవీల్లో ఇదే. ఎదుటి పక్షం ఎప్పటిలాగే గుడికి రమ్మని సవాలు విసిరింది. ఈసారి పోలీసులు ఆపలేదు. నాయకుడు కెమెరాలను వెంటబెట్టుకుని గుట్ట మీది గుడికి వెళ్లి, నీళ్లు పోసుకుని, "ఆ పరదాలు నేను అడగలేదు, నా చేత్తో ముట్టలేదు" అని ప్రమాణం చేశాడు. సూర్యాపేట బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ నేను అది ఫోన్లో చూసి పడీపడీ నవ్వాను. ఇంటికెళ్లి ఒక్క ఊపున వ్యాసం రాశాను. ఆ ఫొటోనే రుజువుగా చూపి, వడ్లు తడిపినవాడు బట్టలు తడుపుకుంటే లెక్క సరిపోతుందా అని అడిగాను. బాగా తిరిగింది. తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు ఫోన్లు చేసి మెచ్చుకున్నారు.

నవ్వుతూ ఉన్నందువల్ల నాయకుడి చివరి మాట నేను వినలేదు. "నా వంతు నేను చేసిన. ఇగ సెంటర్ ఎవరి చేతుల ఉండెనో వాళ్లను గూడ చెయ్యమనుర్రి" అన్నాడట.

మూడో రోజు ఒక ఫోన్ వచ్చింది.

"సార్, గుర్తుపట్టిన్రా? మిర్యాలగూడ కాలేజీల కర్పూరం పట్టుకున్న పిల్లను."

ఎందుకు గుర్తుపట్టను! ఫిజిక్స్ చెప్పే రోజుల్లో, బాబాల మహిమల గుట్టు విప్పడానికి అరచేతిలో కర్పూరం వెలిగించి చూపించేవాణ్ని. ఎవరైనా చేస్తారా అంటే మగపిల్లలంతా తల దించుకుంటే ఈ అమ్మాయి లేచి వచ్చి చెయ్యి చాపింది. గొర్రెలు కాసే ఇంటి నుంచి వచ్చిన పిల్ల, ఆ ఇంట్లో ఇంటర్ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. ఇప్పుడు ఆ సెంటర్ చూసుకునేది ఆమే.

"ఊరోళ్లు నన్ను గూడ ప్రమాణం చెయ్యమంటున్నరు సార్. శనివారం గుడికాడికి రమ్మన్నరు. మీరేమో అప్పట్ల గట్లాంటియి చెయ్యొద్దంటిరి. ఏం చెయ్యమంటరు?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నేరం మోపినవాడే రుజువు చూపాలి అన్నాను. చట్టం ముందు ప్రమాణానికి విలువ లేదు అన్నాను. ఇంకా చాలా అన్నాను. "చెయ్యకు. తలెత్తుకుని ఇంట్లో కూర్చో."

"సరే సార్" అంది.

శనివారం ఆమె గుడికి పోలేదు. రాలేదంటే ఒప్పుకున్నట్టేనని ఊరు తీర్పు చెప్పేసింది. సంఘం ఆడవాళ్లు సెంటర్ తాళం తీసుకుని ఇంకొకామెకు ఇచ్చారు. పరదాలు అమ్ముకుందని ఎవరో పై అధికారులకు రాశారు. వచ్చే సోమవారం మండల ఆఫీసులో విచారణ అని నోటీసు వచ్చింది. తేడా వస్తే కేసు పెడతారట.

అప్పుడు నేను ఆ ఊరికి బయల్దేరాను. మిర్యాలగూడ దాకా బస్సు, అక్కణ్నుంచి ఆటో. వాకిట్లో ఆమె అత్త గొర్రెపిల్లకు ఆకు మేపుతోంది. నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా సారూ, నా కోడల్ని ప్రమాణం చెయ్యొద్దన్నది?"

"నేనేనమ్మా."

"నీదేం పోతుండె? ఒక్క బిందె నీళ్లు నెత్తిన పోసుకొని ఒక్క మాట అంటే ఖతం అయితుండె. గిప్పుడు నల్లా కాడ గూడ నాతోని ఎవ్వరు మాట్లాడరు."

"అది తప్పు పద్ధతమ్మా. ఆ నాయకుడు..."

"ఆయన చేసిండు, మంచోడైండు. ఇది చెయ్యలె, దొంగైంది. మీ సైన్సుల దీనికి మందేముందో సూడు జర. వచ్చే శనివారం గూడ గుడి గాడనే ఉంటది, యాడికి పోదు."

సభల్లో ఎంతమంది పండితుల నోళ్లు మూయించానో, ఆ గొర్రెపిల్ల ముందు నా నోరు మూతపడింది.

కోడలు చాయ్ తెచ్చి ఎదురుగా కూర్చుంది. నీ మీద నింద వేశారు కదమ్మా అని మొదలుపెట్టబోయాను.

"పరదాలు ఇచ్చింది నేనే సార్" అంది.

చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"మా ఊళ్లె పెండ్లయితె సెంటర్ పరదాలే, దినాలైతె సెంటర్ పరదాలే. అడిగినోళ్లకల్లా ఇస్తం, పని కాంగనె తెచ్చి పడేస్తరు. ఆ దినం మధ్యాహ్నం ఆయన మనిషొకడు ట్రాలీ ఆటో ఏస్కొని వచ్చిండు. అన్న మీటింగ్, పొద్దూకేసరికి తెస్త అన్నడు. మబ్బు లేదు, ఏం లేదు. అయినా కాగితం రాసియ్యమన్న. 'ఏందక్కా, మొన్న మీ మరిది పెండ్లికి తీస్కపోయినప్పుడు నువ్వు కాగితం రాసినవా?' అన్నడు. రాశుల కాడ ఉన్నోళ్లందరు ఒక్కతీరు నవ్విన్రు. నాకు సిగ్గైంది సార్. తీస్కపోమన్న. ఆ నవ్వినోళ్లే ట్రాలీలకు ఎత్తిన్రు."

"మరి వాళ్లు చెప్పరా?"

"వాళ్ల వడ్లు ఇంక లారీకి ఎక్కలె. ఏ సెంటర్‌కు లారీ ముందు రావాల్నో చెప్పేది ఆయన మనుషులే. ఎట్ల చెప్తరు?"

ఫోన్లో ఆ ఫొటో తీసి చూపించాను. ఆమె పెద్దది చేసి చూసింది. "ఇవి మావి కావు సార్. మావి ఒక దిక్కు నలుపుంటయి. ఇది ఏ మీటింగ్‌దో, ఎప్పటిదో."

అంటే నేను అబద్ధపు ఫొటో పట్టుకుని నిజమైన ఆరోపణ చేశాను. రుజువు, రుజువు అని జీవితమంతా అరిచినవాణ్ని, నాకు నచ్చిన రుజువు చేతికి రాగానే దాని ముఖం కూడా చూడలేదు. పైగా నాయకుడు ప్రమాణంలో అన్న మాట నిజమే కావచ్చు. ఆయన అడగలేదు, ముట్టలేదు. అలాంటివాళ్లు ఎప్పుడూ అడగరు, ముట్టరు. దేవుడికి అబద్ధం చెప్పకుండానే రైతు నెత్తిన నీళ్లు పోయవచ్చని నాకు అంతవరకు తట్టలేదు. ప్రమాణం ఉత్త మూర్ఖత్వం అని తేల్చేసిన నేను, అందులో ఇంత తెలివి ఉందని చూసి దిమ్మెరపోయాను.

"సార్, ఒక్కటి అడుగుత. ఇయ్యలె అని నేను ప్రమాణం చెయ్య. అమ్ముకోలె అని చేస్త, అది నిజమే. నేను గుడికి పోతె మీకు కోపమొస్తదా?"

వద్దంటే ఆమె పరువు పోతుంది. పొమ్మంటే నా ముప్పై ఏళ్ల మాట పోతుంది. ఏది ఎక్కువ అని తూచడానికి కూడా సిగ్గేసింది.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

"క్లాసుల ఎన్నడు అనలె సార్ ఈ మాట" అని నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది.

తిరుగు బస్సులోంచి కోదాడ మిత్రుడికి ఫోన్ చేశాను. పదహారేళ్ల వయసులో ఇద్దరం కలిసి చర్చావేదికలు ఎక్కినవాళ్లం. అంతా విని, "వెళ్లనివ్వరా. ఆ అమ్మాయి బతకాలా, నీ సిద్ధాంతం బతకాలా?" అన్నాడు.

"రెండూ బతికే దారి లేదంటావా?"

"ఉంటే నువ్వే చెప్పు. చిన్నప్పటి నుంచీ నీ దగ్గర ప్రశ్నలే గానీ దార్లు ఎక్కడున్నాయి?"

నాకు ఒళ్లు మండింది. నోటికొచ్చింది అనేశాను. "ఆయన తడిస్తే కెమెరాలు, పూలదండలు. ఆమె తడిస్తే? ఒంటికి అంటుకున్న చీరతో ఊరి మగవాళ్లందరి ముందు నిలబడాలి. అది ప్రమాణమా, శిక్షా?"

"అది నేను ఆలోచించలేదురా" అన్నాడు.

నోటి నుంచి వచ్చేదాకా నేనూ ఆలోచించలేదు. మర్నాడు పొద్దున్నే ఆమెకు ఫోన్ చేసి, ఏదో గొప్ప సంగతి కనిపెట్టినట్టు ఈ మాటే చెప్పాను.

"అది నాకు మొదటి దినమే తెలుసు సార్" అంది. "వాళ్ల ముంగట తడిచీరతోని నిలబడుడు నాతోని కాదు. అత్తకు చెప్పలేను, సంఘమోళ్లకు చెప్పలేను. మీరు ఆ ఒక్క మాట అంటరేమోనని ఫోన్ చేసిన. మీరు చట్టం గురించి చెప్పిన్రు. నిన్న గూడ గందుకే అడిగిన, తెలియదన్నరు."

ఇన్నేళ్ల ఉపన్యాసాల్లో నేను ఏం మాట్లాడానో, ఎవరితో మాట్లాడానో ఇప్పుడు నాకు సరిగ్గా తెలియడం లేదు. నా మాట తప్పని అనుకోను. కానీ సరైన మాట చెప్పి కూడా ఒక మనిషిని ఒంటరిని చేయొచ్చని తెలిశాక, దేన్ని సరైనదనాలో అర్థం కావడం లేదు. ఒక్కటి మాత్రం ఇక్కడ ఒప్పుకోవాలి. ఆ ఫొటో గురించి నేను రాసింది తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను.

ఆమె గుడికి పోవడం లేదు. సోమవారం విచారణకు పోతోంది. "నేనే ఇచ్చిన్నని చెప్త. కాగితం తీసుకోలె అని గూడ చెప్త. ఎవరికిచ్చిన్నో చెప్త. ఒక్కదాన్నే చెప్తె నమ్ముతరా సార్?" అని అడిగింది. నమ్ముతారని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

కాబట్టి ఇప్పుడు మాట్లాడుతున్నది ఆ ఊరి రైతులైన మీతోనే. ఆ మధ్యాహ్నం రాశుల దగ్గర మీరున్నారు. ఆమె కాగితం అడిగితే నవ్వారు. పరదాలు మడతపెట్టి ట్రాలీలోకి ఎత్తారు. మీ ఇంటి పెళ్లికీ అవే పరదాలు కప్పుకున్నారు. మీ వడ్లు ఇంకా లారీ ఎక్కలేదని, మీ భయం ఉత్తది కాదని నాకు తెలుసు. ఒక్కడే వస్తే నాయకుడి మనుషులు లారీ ఆపగలరు. అందరూ వస్తే ఊరందరి వడ్లూ ఆపలేరు. సోమవారం పొద్దున పదకొండు గంటలకు మండల ఆఫీసుకు రండి. ఆమె పక్కన కూర్చోండి. ట్రాలీ తెచ్చినవాడు ఎవరో, ఏమని అడిగాడో, ఎవరెవరు ఎత్తారో మీ నోటితో చెప్పి, కింద సంతకం పెట్టండి.