ఎన్ని చక్రాలు తిరుగుతయ్ అల్లుడా

మామ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను నారపల్లిలో ఒక ప్లాటు మధ్య నిలబడి బోరు ఎక్కడ వెయ్యాలో చూపిస్తున్నాను. మామ షెడ్డు పక్కన పంక్చర్ల దుకాణం నడిపే అతను ఫోను చేశాడు. "మామ పొయ్యిండు సారు. పొద్దుగాల చాయ్ తాగిండు, స్టూలు మీద కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు" అన్నాడు. వస్తున్నానని చెప్పి ఫోను జేబులో పెట్టుకుని నా బండి వైపు చూశాను. అద్దాల దాకా ఎర్రమట్టి. ఇంత మట్టితో వెళితే మామ తిడతాడే అనుకున్నాను. ఆ తర్వాత గాని అసలు సంగతి బుర్రకెక్కలేదు.

రాష్ట్రం వచ్చాక మొదటి వానాకాలం అది. మామ నాకు చుట్టమేం కాదు. నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో కార్లు కడిగే షెడ్డు ఆయనది. ఆయన ఊరు జనగామ వైపు, మాది గుంటూరు వైపు. సందులో అందరూ మామ అంటే నేనూ అన్నాను. నన్ను ఆయన మొదట్లో సారు అనేవాడు, పోను పోను అల్లుడా అన్నాడు. ఉద్యమం రోజుల్లో బందు జరిగినప్పుడల్లా షట్టరు సగం దించి, "రాష్ట్రమొస్తే నువ్వేడికి పోతవ్ అల్లుడా, గాడ నీ బండి ఎవరు కడుగుతరు?" అని నవ్వేవాడు. నాకు ముక్కు మీద కోపం. ఇంకెవరన్నా ఆ మాటంటే ఊరుకునేవాణ్ణి కాదు.

మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్లింది మా యజమాని బండి తీసుకుని. మాది బోర్లు వేసే కంపెనీ, నేను సైట్ సూపర్‌వైజర్ని. పొలాల్లోకి, గుట్టల్లోకి పోవాలని యజమాని నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండిని సెకండ్ హ్యాండులో కొన్నాడు. అప్పట్లో ఉప్పల్ మొత్తం వెతికినా అలాంటివి ఎన్నో కనిపించేవి కావు. దాని తాళంచెవి వేలికి తిప్పుకుంటూ తిరిగే రోజుల్లో నా కాళ్లు నేల మీద ఉండేవి కావు. నా వంతు వచ్చేలోగా పొడిగుడ్డతో బానెట్టు తుడుస్తుంటే మామ వచ్చి చేతిలోంచి గుడ్డ లాక్కున్నాడు.

"గుడ్డ గీతలు పెట్టది సారు, గుడ్డ కింద మట్టి పెడ్తది. జర నీళ్లు పడనియ్యి."

బండి రాగానే నీళ్లు కొట్టే మనిషి కాదు. ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి వేడి చూసేవాడు. "కాలుతున్న ఇనుము మీద సల్లనీళ్లు పోస్తే ఏమైతది? పో, చాయ్ తాగి రా" అని పంపేసేవాడు. చల్లారాక పైనుంచి కిందికి సన్నటి ధార. మట్టి తనంతట తాను కరిగి జారేదాకా గుడ్డ ముట్టడు. షాంపూకి ఒక బకెట్టు, గుడ్డ జాడించడానికి ఇంకో బకెట్టు. చక్రాలు తుడిచే గుడ్డకి ముడి వేసి ఉంచేవాడు, పొరపాటున కూడా అది డోరు మీదికి రాకూడదని. బట్టల సబ్బు పొడిని షెడ్డులోకే రానిచ్చేవాడు కాదు.

చుట్టుపక్కల షెడ్లవాళ్లు కడగడం అయ్యాక బండి అడుగున డీజిల్ కొట్టేవాళ్లు, నిగనిగలాడాలని. మామ కొట్టడు. డీజిల్ రబ్బరుని తింటుందని ఆయన బాధ. చక్రాలకు బలం అందించే కడ్డీల చివర రబ్బరు తొడుగులుంటాయి. వాటి దగ్గరికి వచ్చేసరికి నీళ్లు కొట్టే గన్ను మూరెడు వెనక్కి జరిపి ధార పలచన చేసేవాడు. "దీని లోపల గ్రీసుంటది. గన్ను దగ్గర పెట్టి కొడితే నీళ్లు లోపలికి పోతయ్. ఇయాల నీకు తెల్వది, ఆర్నెల్లకు తెలుస్తది." నేను గడియారం చూసుకున్నప్పుడల్లా ఒకటే మాట అనేవాడు. "నీళ్లకు తొందర లేదు, నీకే ఉన్నది."

ఆ మాట నేను వినని రోజు ఒకటుంది. దాని సంగతి మామ పోయేదాకా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మేడిపల్లి అవతల ఒక చెరువు శిఖంలో, నీళ్లు తీసిన బురదనేలలో దిగబడి, ఎలాగో బయటపడి వచ్చాను. చక్రాల లోపలి వైపు బంకమట్టి గట్టిగా పట్టుకుంది. అలాంటప్పుడు ఆ సందులో ఒక పద్ధతి ఉండేది. బండి ముందు భాగాన్ని జాకుతో లేపుతారు. ఒకరు లోపల కూర్చుని మొదటి గేరు వేసి చక్రాలు మెల్లగా తిప్పుతుంటే, ఇంకొకరు ఎదురుగా కూర్చుని వాటి మీద ధార కొడతారు. ముందు చక్రాలతో నడిచే మామూలు కార్లకి ఏమీ కాదు, వెనకవి కదలవు గనక.

మామ జాకు లేపి, వెనక టైర్లకి అడ్డం పెట్టడానికి రాళ్లు తెస్తూ ఆగాడు. "సారు, దీనికి ఎన్ని చక్రాలు తిరుగుతయ్?"

నాకు తెలియదు. ఆ ఒక్క ముక్క అంటే సరిపోయేది. నాలుగు చక్రాలకూ బలమందే బండి అని ఊరంతా చెప్పుకుని తిరిగిన నేను, నాలుగూ ఎప్పుడు తిరుగుతాయో, రెండే ఎప్పుడు తిరుగుతాయో ఏనాడూ కనుక్కోలేదు. దాని పుస్తకం ముందు అరలో ప్లాస్టిక్ కవరులో పడి ఉంది. స్టీరింగు పక్కన ఒక మీట ఉంది, దాన్ని నేను నొక్కలేదు. అంతే నా తెలివి.

"ఇప్పుడు ముందువి రెండే. మీట నొక్కితేనే నాలుగు. రాళ్లెందుకు మామా, అవతల యజమాని ఎదురుచూస్తున్నాడు, కానివ్వు."

ఆయన నా మొహంలోకి చూశాడు. "నీకెరికేనా?"

"ఎరికే" అన్నాను, ఆయన మాటలోనే. ఆయన రాళ్లు పక్కన పెట్టి వచ్చి చక్రాల ఎదుట కూర్చున్నాడు.

గేరు వేశాను. ముందు చక్రాలు గాలిలో గిర్రున తిరిగాయి. అవి జారుతున్నాయనుకుని ఆ బండి తనంతట తానే వెనక చక్రాలకు బలం పంపింది. దానికి మీటతో పనిలేదట. హ్యాండ్ బ్రేకు అరకొరగా పట్టేది. బండి జాకు మీంచి ముందుకు దూకింది. ఎదురుగా మామ, మామ వెనక నీళ్ల తొట్టి సిమెంటు గోడ. గన్ను కిందపడి నీళ్లు కొడుతూనే ఉంది. ఆయన అరవలేదు. "గేరు తియ్యి బిడ్డా" అన్నాడు.

బండికీ ఆ గోడకీ మధ్య నలిగిన ఆయన ఎడమ మోకాలు మళ్లీ వంగలేదు. దవాఖానాకి వచ్చిన ప్రతివాళ్లతో, "జాకు జారింది, నేనే సరిగ పెట్టలె" అని చెప్పాడు. నేను బత్తాయిల సంచీ పట్టుకుని పక్కనే నిలబడి విన్నాను. ఆ సాయంత్రం బండిలో కూర్చుని పుస్తకం విప్పాను. ఒకవైపు మాత్రమే లేపి ఇంజనుతో చక్రాలు తిప్పవద్దని, రెండోవైపు చక్రాలు వాటంతట అవే కదులుతాయని గళ్లు కట్టి మరీ రాసి ఉంది. మర్నాడు చెప్పేద్దామని వెళ్లాను. బత్తాయిలు ఒలిచి పెట్టి వచ్చేశాను. ఆ మర్నాడూ అంతే. తర్వాత ఇక చెప్పడానికి మొహం చెల్లలేదు.

మా యజమాని ఆ బండంటే భయపడి నాకే అంటగట్టాడు. ఇప్పటికీ అదే నడుపుతున్నాను. ఎక్కడ ప్రెషరు పంపు చప్పుడు వినిపించినా నా కుడికాలు బ్రేకు కోసం వెతుక్కుంటుంది.

ప్రతి ఆదివారం షెడ్డుకి వెళ్లేవాణ్ణి. మామ స్టూలు మీద ఎడమకాలు చాపుకుని కూర్చునేవాడు, నేను ఆయన చెప్పినట్టు కడుక్కునేవాణ్ణి. నాలుగు రాళ్లకి తెల్లరంగు వేయించాడు. ఎంత చిన్న కారు వచ్చినా నాలుగు చక్రాలకీ నాలుగు రాళ్లు పెట్టాల్సిందే. ఎవరొచ్చినా పైపు విప్పే ముందు ఆ ప్రశ్న అడగాల్సిందే. నన్నూ అడిగేవాడు. కొన్ని వందలసార్లు కళ్లముందు కడిగిన బండిని చూపించి, "ఎన్ని చక్రాలు తిరుగుతయ్ అల్లుడా?" అనేవాడు. "నీకు తెలీదా మామా" అని రాళ్లు సర్దడానికి వంగిపోయేవాణ్ణి. కాసేపు చూసి, "కానీ, నీళ్లిడువు" అనేవాడు. సొంత అల్లుడైనా ఇట్ల రాడని సందులోవాళ్లు నన్ను మెచ్చుకునేవారు. చెంప మీద కొట్టినట్టుండేది.

పదకొండో రోజు అందరూ భోజనాలు చేసి వెళ్లిపోయాక అత్తమ్మ దగ్గర కూర్చున్నాను. మామ భార్యని అలాగే పిలుస్తాను. ఆ రోజు మామ అడిగింది, నేను చెప్పింది, పుస్తకంలో రాసి ఉన్నది, మొత్తం చెప్పాను. ఆమె విస్తళ్లు మడుస్తూనే విన్నది.

"ఆయనకెరికే బిడ్డా" అంది. "దవాఖానల ఉన్నప్పుడే మెకానిక్ అచ్చి చెప్పిండు, గా బండికి వెనకయి గుడ తిరుగుతయని."

"మరి నన్నెందుకు అడగలేదు అత్తమ్మా?"

"అడగకేం? ఐతారమొస్తే అడిగేటోడు గాదా?" ఆమె విస్తళ్లు పక్కన పెట్టింది. "ఇంటికొచ్చి బువ్వ తినుకుంట, ఇయాల గుడ చెప్పలేదే అనేటోడు. కోపం లేకుండె. తప్పు మోసుకుంట తిరుగుతుండు పోరడు, దించుకుంటె బాగుండు అనేటోడు. వచ్చే ఐతారం చెప్తడు అని పండుకునేటోడు."

ఎన్ని ఆదివారాలు. అన్నిసార్లు ఆ మనిషి తలుపు తీసి నిలబడితే, నేను రాళ్లు సర్దే వంకతో తల దించుకున్నాను.

లేవబోతుంటే ఆమె షెడ్డు తాళంచెవి చేతికిచ్చింది. "బండి మట్టి పట్టింది. కడుక్కొని పో. ఆయన సూస్తె ఊకుంటడా?"

చక్రాల దగ్గర చెయ్యి పెట్టి వేడి చూశాను. చల్లారేదాకా ఆగాను. నాలుగు రాళ్లూ తెచ్చి నాలుగు చక్రాలకీ పెట్టాను. పైపు పట్టుకుని నిలబడ్డాను గాని నీళ్లు విడవడానికి చెయ్యి రాలేదు. ఎవరూ అడగలేదు.

"నాలుగు మామా" అన్నాను స్టూలు వైపు తిరిగి. "ఆ రోజు నాకు తెలీదు. తెలుసని అబద్ధం చెప్పాను."

పంపు ఆన్ చేశాను. ఎర్రనీళ్లు బండి మీంచి దిగి, తెల్లరాళ్లని చుట్టుకుని, స్టూలు కిందికి పోయాయి. అక్కడ, ఆయన ఎడమకాలు చాపి మడమ ఆనించే చోట, సిమెంటు అరిగి చిన్న గుంట పడి ఉంది. మిగతా నేలంతా ఆరాక కూడా ఆ గుంటలో నీళ్లు అలాగే నిలిచి ఉన్నాయి.