పలకని పేరు

బట్టలు కుట్టే ఆవిడ రోజూ పొద్దున్నే దీపం పెట్టి దేవుడి నామాలు చదువుకునేది. వాటిలో ఒకటి భర్త పేరు. మొగుణ్ణి పేరుతో పిలవకూడదని, అక్కడికి రాగానే “మావారికి నమః” అనేది. లోపలి గదిలోంచి ఆయన “ఆఁ, వస్తున్నా!” అనేవాడు. ఇద్దరూ నవ్వుకునేవారు.

ఆయన పోయాక కూడా ఆవిడ అలాగే అంటోంది. పూలు ఇవ్వడానికొచ్చిన పక్కింటావిడ విని, “ఇంకా ఎవరికి భయం వదినా? దేవుడి పేరేగా, నోరారా పిలువు” అంది.

“పేరు పెట్టి పిలిస్తే దేవుడొక్కడే పలుకుతాడు వదినా. మరి ఈయన?”

పక్కింటావిడ పక్కనే కూర్చుని, ఒక పువ్వు తీసి చేతికిచ్చింది.

“మావారికి నమః” అని ఆవిడ లోపలి గది వైపు చూస్తూ కాసేపు ఆగింది. తరువాత మిగిలిన నామాలు అందుకుంది.