పెట్ట ఊసెత్తని వంశం

మా మరిదిని ముత్తాత పేరు అడిగితే తడుముకుంటాడు. తన కోడిపుంజు వంశం మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇది డేగ, దీని తండ్రి డేగ, దీని తాత గుడివాడ నుంచి బుట్టలో వచ్చిన డేగ. ఎర్ర ఈకల పుంజుని మా దివిసీమలో అలాగే పిలుస్తారు. మధ్యలో గుడ్లు ఎవరు పెట్టారో ఒక్కనాడూ చెప్పలేదు. మా వైపు పుంజులు పెంచే మగాళ్లెవరికీ ఆ ఆలోచనే రాదు.

మా రెండిళ్ల మధ్య పొట్టి గోడ. నా బూడిదరంగు పెట్ట రోజూ అది దాటి అతని దొడ్లోకి పోయేది. నాటు పెట్ట వల్ల తన పుంజుల జాతి పాడవుతోందని, దాన్ని కోసెయ్యమని ఒకటే పోరు. కూరగాయలు లేని పూట మా ఇంటికి దాని గుడ్డే ఆధారం. కొయ్యనన్నాను.

అప్పుడే బందరు కాలేజీ నుంచి ఒక పిల్ల వచ్చింది. ఊరికోళ్లకీ అడవికోళ్లకీ చుట్టరికం ఎంతో, ఏ ఊరి కోళ్లు ఎందులో కలిశాయో డీఎన్‌ఏ పరీక్షలో తేలుస్తారట. బాతులకీ చేస్తారట. పరీక్షకని పీకే ఒక్కో ఈకకి ఒక్కో కొత్త కవరు. ఆ కవర్లుంటే నేను ఏడాది పాటు పోపుదినుసులు దాచుకుందును.

మా మరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ పుంజుల్ని పట్టి ఇచ్చాడు. నా పెట్ట ఈక కూడా పీకించాడు.

"ఇది తక్కువరకమని తేలితే ఆదివారం కూరే, వదినా. మాట తప్పకూడదు."

సరేనన్నాను. ఈ పరీక్షలో తెలిసేది తల్లి వైపు వంశమని ఆ పిల్ల చెబుతూనే ఉంది. అతను పుంజుని చంకన పెట్టుకుని ఫొటో దిగే హడావిడిలో ఉన్నాడు.

నాట్లు అయ్యాక ఆ పిల్ల మళ్లీ వచ్చి మా అరుగు మీద కూర్చుని చెప్పింది. అతని డేగలదీ నా పెట్టదీ ఒకే తల్లి వంశమట. చుట్టుపక్కల దొడ్లలో తిరిగే కోళ్లదీ అదేనట. కవర్లు మారిపోయాయేమో చూడమన్నాడు మా మరిది. మారలేదండీ అందా పిల్ల.

"కొక్కెర తెగులుకి నీ పెట్టలన్నీ చచ్చిన ఏడు, నా గూట్లోంచి బూడిద పెట్టనొకదాన్ని పట్టుకెళ్లావు. అదేమైంది? గుడ్లు పెట్టకుండా ఎగిరిపోయిందా?" అన్నాను.

అతను పుంజు వైపు చూశాడు, అదేదో చెబుతుందన్నట్టు. ఆదివారం మా ఇంట్లో వంకాయ కూర.

కొన్నాళ్లకి గోడ దగ్గరికొచ్చి, ఎటో చూస్తూ అడిగాడు.

"వదినా, ఆ పెట్ట గుడ్లు ఓ నాలుగు ఇస్తావా? పొదగేసుకుంటాను."

"నీ డేగనే అడుగు. అంత వంశం ఉన్నది, గుడ్డు పెట్టలేదా?"

ఉన్న గుడ్లన్నీ ఆ పూటే పులుసు పెట్టేశాను. పెట్ట ఇప్పటికీ గోడ దాటుతూనే ఉంది. అతను తోలడం మానేసి గింజలు చల్లుతున్నాడు. చల్లనీ. నాకు నూకలు మిగులుతున్నాయి.