గురువారం అన్నందుకు

నా నోటి వల్ల ఒక మనిషికి నెమ్మది కుదరవలసిన వేళకి కుదరకుండా పోయిన కథ ఇది. ఇందులో నవ్వుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. నన్ను చూసి నవ్వండి, ఏమీ అనుకోను.

నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేను. శుభలేఖలో వారం తప్పు పడిందని, పెళ్ళి భోజనంలో పప్పు వడ్డిస్తున్న పెళ్ళికూతురి తండ్రిని ఆపి మరీ చెప్పాను. ఆయన గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. పప్పు నా విస్తట్లో పడనే లేదు. మా ఇంట్లో గోడకి క్యాలెండరు ఉన్నా అందరూ నన్నే అడిగేవారు. అదో గొప్ప అనుకునేదాన్ని.

గోదావరి వరద తీసిన రోజుల్లో, మా చెల్లెలు సుభద్ర, దాని భర్త ఒక లంక ఊరికి వెళ్తుంటే పడవ తిరగబడింది. సుభద్ర బయటపడింది. మా మరిది రాలేదు. అప్పటినుంచి అది గోదావరి దాటలేదు. పడవే కాదు, వంతెన మీద వెళ్ళే బస్సు కూడా ఎక్కలేదు. చెప్పులు తొడగడమూ మానేసింది. ఎండాకాలం తారురోడ్డు మీద అరికాళ్ళు బొబ్బలెక్కుతుంటే, "ఏం మొక్కే ఇది, ఏ దేవుడికి?" అని సతాయించేదాన్ని. ఆ పడవ మాట ఎవరెత్తినా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

మేముండేది రాజమండ్రిలో. దాని కూతురు లలిత కాపురం కొవ్వూరులో. మధ్యలో ఉన్నది గోదావరే. లలితకి కాన్పు రోజులు దగ్గరపడ్డాయి, డాక్టరు కదలొద్దంది. "నువ్వు పక్కనుంటే చాలమ్మా," అని లలిత ఫోన్లో ఏడిచేది. సుభద్ర ఫోను పెట్టేసి గోడవైపు తిరిగి పడుకునేది.

అప్పుడే మా ఊళ్ళో ఒకమ్మాయి హిప్నోథెరపీ చేస్తుందని, లోపల గడ్డకట్టిన భయాల్ని మెల్లగా కరిగిస్తుందని విన్నాను.

"నిద్రపుచ్చి ఏదేదో వాగిస్తారేమో అక్కా," అంది సుభద్ర.

"పక్కన నేనుంటాగా. ఒక్క తప్పు మాట రానిస్తానా?"

రానివ్వలేదు. అదే జరిగింది.

ఆ థెరపిస్టుకి నా మనవరాలి వయసుంటుంది. "ఇది నిద్ర కాదండి. అన్నీ వినబడుతూనే ఉంటాయి. వద్దనిపిస్తే మీరే కళ్ళు తెరవచ్చు," అని సుభద్రకి చెప్పి, "నిద్ర బాగా పడుతుందాండి?" అని అడిగింది.

"పట్టదు," అన్నాను నేను.

"ఆకలి?"

"వేస్తుంది గానీ తినదు."

"మిమ్మల్ని కాదండి, వారిని అడుగుతున్నాను."

"వారి సంగతే చెబుతున్నానమ్మా."

మన వైపు అంతే కదండీ. జవాబులన్నీ తోడు వెళ్ళినవాళ్ళవి. రోగికి నోరున్నది థర్మామీటరు పెట్టించుకోవడానికే.

ఆ అమ్మాయి నన్ను మూల కుర్చీలో కూర్చోబెట్టింది. "మధ్యలో ఒక్క మాట కూడా వద్దండి."

"ఏళ్ళ తరబడి పిల్లల నోళ్ళు మూయించినదాన్నమ్మా."

"ఇప్పుడు మూయవలసింది పిల్లలవి కాదండి," అంది మర్యాదగానే.

తర్వాత పది నుంచి వెనక్కి లెక్కపెట్టింది. నేనూ లోలోపల సరిచూశాను, తప్పు పోలేదు. సుభద్ర భుజాలు దిగాయి, నుదుటి ముడి విడింది. ఇన్నేళ్ళలో దాని ముఖం అంత తేటగా చూడలేదు.

"మీరు ఒడ్డునే ఉన్నారు. మీకేం కాదు. దూరం నుంచి చూస్తున్నారంతే. ఏం కనబడుతోందండి?"

"బుధవారం," అంది సుభద్ర. నూతి అడుగునుంచి వచ్చినట్టుంది గొంతు. "వాన వెలిసింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. ఆయన నా చెయ్యి పట్టుకుని అన్నారు..."

"గురువారం," అన్నాను నేను.

అది మొదటిసారి చెబుతోందని నాకు తెలుసు. మరిది ఏమన్నాడో విందామని ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను. అయినా నా నోరు దాని ఉద్యోగం అది చేసుకుపోయింది, రిటైరైన సంగతి దానికెవరూ చెప్పనట్టు.

సుభద్ర కళ్ళు తెరిచింది. "గురువారమా?"

"అవునే. నాకు గురువారం ఒంటిపూట భోజనం కదా. ఉప్మా తింటుంటే కబురొచ్చింది."

థెరపిస్టు నుదురు పట్టుకుంది. "అమ్మా, ఇక్కడ వారంతో పని లేదండి."

"తప్పు తప్పే కదమ్మా."

సుభద్ర లేచి పైట సర్దుకుంది. "నాకు గుర్తున్నది కూడా తప్పేనట. ఇంటికి పోదాం పద."

మళ్ళీ రమ్మని థెరపిస్టు ఎంత నచ్చజెప్పినా వెళ్ళలేదు. లలితకి నొప్పులొచ్చిన పూట ఆటో ఎక్కింది. వంతెన మొదట్లో దిగిపోయి, ఉత్త కాళ్ళతో ఇంటిదాకా నడిచి వచ్చింది. మనవరాలి తొలి ఏడుపు ఫోను స్పీకర్లో విన్నాం. బిడ్డని ముందు ఎత్తుకున్నది వియ్యపురాలు. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

కొన్నాళ్ళకి తనే మళ్ళీ థెరపిస్టు దగ్గరికి బయలుదేరింది.

"తోడు రానా?"

"నువ్వు మాత్రం రావద్దక్కా."

చాలాసార్లు ఒక్కతే వెళ్ళింది. మనవరాలి అన్నప్రాశనకి ఇద్దరం కొవ్వూరు బస్సెక్కాం. కళ్ళు మూసుకుని, నా గాజులు చేతిలో దిగబడేలా పట్టుకుని కూర్చుంది. వంతెన సగంలో మాట్లాడింది.

"ఆయన ఏమన్నారో అడగవేం?"

నేను దాని వైపు తిరిగాను.

"చెప్పులు వదిలెయ్యి, బరువు. ఒడ్డుకెళ్ళాక కొత్తవి కొంటాను, అన్నారు. వదిలేశాను."

అది కొత్త చెప్పుల కోసమే ఇన్నేళ్ళూ చూస్తోందని, తారురోడ్డు మీద సతాయించిన నాకు అప్పుడు తెలిసింది.

"బుధవారమే అక్కా," అంది మళ్ళీ. "నీకు కబురొచ్చింది గురువారం. తెల్లవార్లూ నేను ఆ ఇసుకలో కూర్చున్నాను."

కొవ్వూరు వచ్చేదాకా నేను కిటికీలోంచే చూశాను.

బస్సు దిగాక, గోదావరి వైపు తిరిగి చేతులు జోడించి ప్రమాణం చేశాను. ఎవరైనా తమ కష్టం చెప్పుకుంటున్నప్పుడు వారం గానీ, తేదీ గానీ, తిథి గానీ ఈ జన్మలో దిద్దను.

"ఎప్పటినుంచి?" అంది సుభద్ర.

"ఈరోజు నుంచే."

"అంటే మంగళవారం నుంచి," అంది నా ముఖంలోకి చూస్తూ.

ఆ రోజు సోమవారం. నేనేమీ అనలేదు. అన్నప్రాశన పాయసం తింటుంటే, కొరుక్కున్న నాలుక భగ్గుమని మండింది.